రేగట్లో చక్రం... హౌసింగ్‌లో ఆయిల్

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేది వెనక హౌసింగ్‌లో ఉండే డిఫరెన్షియల్. ఇది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. తారు రోడ్డు మీద ఈ సమానత్వం మంచిదే. కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ఆదోని ప్రాంతాల నల్లరేగడిలో అదే చిక్కు తెస్తుంది. శనగ విత్తే కాలంలో వాన పడి ఒక చక్రం జారిందంటే, దాని కింద ఎంత పట్టు మిగిలిందో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంత బలమే చేరుతుంది. ఇంజిన్‌ను ఎంత రేజ్ చేసినా జారే చక్రమే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు.

దీనికి విరుగుడుగా వచ్చిందే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. 1930లలో జర్మనీలో ఆటో యూనియన్ పందెపు కార్ల కోసం జడ్ఎఫ్ సంస్థ దీన్ని రూపొందించింది. అమెరికాలో 1956 నాటికి స్టూడిబేకర్, ప్యాకార్డ్ కార్లలోకి వచ్చింది. ఎక్కువగా కనిపించే రకంలో ఉక్కు ప్లేట్లు, రాపిడి ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. ఒక చక్రం రెండోదానికంటే వేగంగా తిరగబోతే ఈ ప్లేట్లు ఒరుసుకుని అడ్డుపడతాయి. అప్పుడు పట్టున్న చక్రానికి కొంత బలం అదనంగా అందుతుంది.

గేరాయిల్ విషయంలో చిక్కు మొదలయ్యేది ఈ ప్లేట్ల దగ్గరే. మామూలు ఆయిల్‌లో, ఆగి ఉన్న ప్లేట్ల మధ్య రాపిడి ఎక్కువ, కదిలే ప్లేట్ల మధ్య తక్కువ. ఇరుకు సందులో బండిని నెమ్మదిగా తిప్పితే ప్లేట్లు పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. వెనక నుంచి కటకటమని చప్పుడు, సీటు కింద అదురు అందుకే. క్రౌన్, పినియన్ గేర్లు అరిగాయని భయపడి హౌసింగ్ విప్పించే ముందు ఆయిల్ సంగతి చూడటం మేలు.

ఆ చప్పుడును ఆపేది ఫ్రిక్షన్ మోడిఫయర్ అనే అడిటివ్. దాని అణువుల్లో ఒక కొన లోహానికి అంటుకుంటుంది, జిడ్డుగా ఉండే రెండో కొన బయటికి నిలబడుతుంది. ఆ సన్నని పొర వల్ల ప్లేట్లు పట్టి వదిలే బదులు ఒకే తీరున జారతాయి. జీఎల్-5 రకం గేరాయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న మందులు ముందే ఉంటాయి కదా, ఇంకొకటి ఎందుకన్న అనుమానం రావచ్చు. అవి క్రౌన్, పినియన్ పళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఒరుసుకుని చెడిపోకుండా కాపాడతాయి. ప్లేట్ల రాపిడిని సర్దే పని వాటిది కాదు.

అడిటివ్ ఎక్కువైతే లాభం ఎక్కువనుకోవడం పెద్ద పొరపాటు. మోతాదు మించితే ప్లేట్లు పట్టడమే మానేస్తాయి, డబ్బు పోసి కొన్న లిమిటెడ్ స్లిప్ మామూలు డిఫరెన్షియల్‌లా మిగులుతుంది. అమెరికన్ బండ్లకు అమ్మే చిన్న సీసాలో 118 మి.లీ. అడిటివ్ ఉంటుంది. గేరాయిల్ డబ్బా మీదే లిమిటెడ్ స్లిప్‌కు పనికొస్తుందని రాసి ఉంటే మోడిఫయర్ అందులో కలిసే వచ్చింది, మళ్లీ పోయనక్కర్లేదు. చప్పుడు ఇంకా వస్తుంటే కొద్దికొద్దిగా కలిపి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూడాలి. కొత్త ఆయిల్ ప్లేట్ల మధ్యకు చేరేది అలా తిప్పితేనే.

అన్ని డిఫరెన్షియల్స్‌కూ ఈ మందు అక్కర్లేదు. టోర్సెన్ లాంటి గేర్ల రకానికి సాధారణంగా అవసరం ఉండదు, పట్టు తగ్గే ప్రమాదమూ ఉంది. మహీంద్రా థార్, బొలెరో నియోలలో కొన్ని వేరియంట్లకు వచ్చేది ఈటన్ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. ఒక చక్రం జారితే అది రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తుంది. అందులో కంపెనీ పుస్తకం చెప్పిన ఆయిలే పోయాలి.

పల్లెల్లో చక్రం జారే సమస్య ట్రాక్టర్‌కూ ఎదురవుతుంది. అందులోని డిఫరెన్షియల్ లాక్ సాధారణంగా కాలితో తొక్కి బిగించేదే కాబట్టి దానికి ఈ అడిటివ్‌తో పనిలేదు. ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు మాత్రం ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. గేర్లు, హైడ్రాలిక్స్, బ్రేకు ప్లేట్లు ఒకే ఆయిల్ మీద నడిచే ట్రాక్టర్లకు తగిన రాపిడి మందులు కలిపిన ప్రత్యేక ఆయిల్ వస్తుంది. చవకగా దొరికిందని అందులో మామూలు 90 ఆయిల్ పోస్తే బ్రేకు వేసినప్పుడు అదురు, కీచుమనే చప్పుడు వస్తాయి. బేతంచెర్ల నాపరాళ్లు ట్రాలీకి ఎత్తి దిగుడులో వచ్చే ట్రాక్టర్‌కు ఆ పొదుపు ప్రాణాంతకం.

చిక్కదనం ఎంపికలో ఈ నేల ఎండను లెక్కలోకి తీసుకోవాలి. 80డబ్ల్యూ-90 లాంటి గ్రేడులో మొదటి అంకె చలికి సంబంధించింది. 80డబ్ల్యూ పరీక్ష మైనస్ 26 డిగ్రీల దగ్గర, 85డబ్ల్యూ పరీక్ష మైనస్ 12 దగ్గర జరుగుతాయి. కర్నూలు, కడపల్లో ఆ చలి లేదు. వేసవిలో నీడపట్టునే 42 డిగ్రీలు దాటే ఇక్కడ చూడాల్సింది రెండో అంకె. 100 డిగ్రీల వేడిలో 90 గ్రేడు చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు, 140 గ్రేడుది 24 నుంచి 32.5 లోపు. బరువులు లాగే బండికి తయారీదారు 85డబ్ల్యూ-140ను అనుమతిస్తే వేసవిలో అది మెరుగు. అనుమతి లేకుంటే 90తోనే సరిపెట్టాలి.

వాగు దాటిన బండి ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. అందులో ఏ అడిటివ్ కలిపినా వృథా, మొత్తం దించేయాలి. ఆయిల్ మార్చేటప్పుడు దుమ్ము పట్టి మూసుకుపోయిన బ్రీదర్‌ను (హౌసింగ్‌కు గాలి ఆడే రంధ్రాన్ని) శుభ్రం చేయించండి. ఏదైనా కొనే ముందు బండి పుస్తకంలో వెనక ఇరుసు పేజీ తీసి, డిఫరెన్షియల్ ఏ రకమో, ఏ ఆయిల్ రాశారో దుకాణదారుకు చూపించండి.