వరద వేళకు ట్రాక్టరు, ట్రాలీ సిద్ధముగా నుంచుకొనుట

రాయలసీమ రైతునకు వాన రాలేదన్న చింతయే గాని, నీరు ఎక్కువైనదన్న చింత అరుదు. అందుచేతనే వరద వచ్చినప్పుడు మన గ్రామములు సిద్ధముగా నుండవు. కోస్తా రైతునకు తుపాను అలవాటైన విషయము. మనకు అది ఏ పదేండ్లకో ఒకమారు, అదియు తరచు రాత్రివేళ వచ్చును.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరమును ముంచెత్తినవి. మంత్రాలయము నీట మునిగినది. శ్రీశైలము జలాశయము పూర్తి నీటిమట్టము 885 అడుగులు కాగా, ఆ వరదలో నీరు 896 అడుగుల వరకు ఎక్కినది. 2021 నవంబరు 19వ తేదీ ఉదయము, నాటి కడప జిల్లా రాజంపేట ప్రాంతములో చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినది. పులపుత్తూరు, మందపల్లె, తొగూరుపేట మొదలగు గ్రామములపై నీరు విరుచుకొని పడినది. మనుష్యులు, పశువులు కొట్టుకొనిపోయిరి. పొలములలో ఇసుక మేటలు వేసినది. దారిలో నున్న ఆర్టీసీ బస్సులు సైతము ప్రవాహమునకు చిక్కి, ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి.

ఈ రెండు సంఘటనలకు ఒక భేదము కలదు. ఎగువనుండి వచ్చు నదీ వరద కొన్ని గంటల వ్యవధి ఇచ్చును. కట్ట తెగిన వరద ఆ వ్యవధిని ఇవ్వదు. కనుక ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు గాక, హెచ్చరిక వినబడిన నాడే బండి సిద్ధము కావలెను.

గ్రామములో నున్న బండి ఏది?

పూర్వము ప్రతి ఇంటను ఎద్దులబండి ఉండెడిది. నేడు ఎక్కువమందిని ఒకేసారి తరలించుటకు మన ఊళ్ళలో వెంటనే దొరకునది ట్రాక్టరు ట్రాలీయే. మామూలు దినములలో ట్రాలీలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము, అపాయకరము. ఇచట చెప్పునది ప్రాణాపాయ సమయమునకు మాత్రమే.

అక్టోబరు, నవంబరు మాసములలో ట్రాక్టరు ఎట్లుండునో గమనింపుడు. ఇంజనుకు గొర్రో, రోటవేటరో తగిలించి యుండును. ట్రాలీ కల్లములో వేరుసెనగ కట్టెతోనో, వడ్ల బస్తాలతోనో నిండి యుండును. డీజిలు అడుగంటి యుండును. అర్ధరాత్రి వంక పొంగినదని కేక వినబడినచో, గొర్రు విప్పి, బస్తాలు దించి, ట్రాలీ తగిలించునప్పటికి పుణ్యకాలము గడచిపోవును. అందుచేత భారీ వర్షసూచన వెలువడిన సాయంత్రమే ఈ మూడు పనులు చేయవలెను: గొర్రు విప్పి ట్రాలీ తగిలించుట, ట్రాలీని ఖాళీ చేయుట, బండిని మిట్ట స్థలమున, ముఖము దారివైపు ఉండునట్లు నిలుపుట. సరుకు తడియునని వెనుకాడరాదు. బస్తాలను అటకపైకి గాని, ఎత్తైన అరుగుపైకి గాని చేర్చి పట్ట కప్పవచ్చును.

చూడవలసిన భాగములు

1. ట్రాలీ కొక్కెపు పిన్నుకు క్రింద తాళపు పిన్ను తప్పక వేయవలెను. దానికి తోడుగా ఒక గట్టి గొలుసు చుట్టుట మంచిది. గతుకులలో పిన్ను ఎగిరినను ట్రాలీ విడిపోదు.

2. చాల ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. బరువంతయు ఇంజను బ్రేకులపైననే పడును. రెండు పెడళ్ళను కలుపు కొక్కెమును వేసి, బ్రేకులు సమముగా పట్టుచున్నవేమో ముందుగా చూడవలెను.

3. ఎత్తుడు ట్రాలీ అయినచో హైడ్రాలిక్ గొట్టమును విడదీయవలెను. చీకటిలో ఎవరిచేయి అయినను లివరుపై పడినచో తొట్టి లేచి జనము జారిపడుదురు.

4. టైర్ల గాలి, బ్యాటరీ, ముందు దీపములు, వెనుక ఎర్ర దీపము సరిచూడవలెను. ట్యాంకు నిండుగా డీజిలు, వేరుగా ఒక క్యాను ఉండవలెను.

5. ట్రాలీ ప్రక్క పలకలు, వెనుక తలుపు గొళ్ళెములు గట్టిగా నుండవలెను. అడుగున సొప్పగాని, గోనెలుగాని పరచవలెను. వృద్ధులు, గర్భిణీలు ఎక్కుటకు చిన్న నిచ్చెన, పొడవైన మోకు, టార్పాలిన్ పట్ట, టార్చిలైటు బండిలోనే ఉంచవలెను.

6. త్రాగునీరు, మందులు, పట్టాదారు పాసు పుస్తకము, ఆధార్, రేషను కార్డులు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వాకిటి దగ్గర ఉంచవలెను.

నడుపు పద్ధతి

జనము నిలబడక అడుగున కూర్చుండవలెను. మడ్‌గార్డులపైన, ట్రాలీ కొక్కెముపైన ఎవరిని ఎక్కనీయరాదు. మొదటి విడతలో పిల్లలు, వృద్ధులు, రోగులు వెళ్ళవలెను. మనుష్యులను, పశువులను కలిపి ఎక్కింపరాదు. పశువులను తరలించు వ్యవధి లేనిచో పలుపులు విప్పి వదలవలెను. కట్టివేసిన పశువు కొట్టములోనే మునిగిపోవును.

బండి పెద్దదను ధైర్యముతో పారు నీటిలో దిగరాదు. మునిగిన ప్రతి ఘనపుటడుగునకు నీరు సుమారు 28 కిలోల బలముతో వస్తువును పైకెత్తును. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల తొట్టి ఒక అడుగు మునిగినచో, లోనికి నీరు చొరకమునుపు దానిని 17 క్వింటాళ్ళ బలము పైకెత్తును. అనగా ట్రాలీ పడవవలె తేలి, ఇంజనును ప్రక్కకు లాగును. అడుగు లోతు పారు నీరు చిన్న కారును, రెండడుగుల నీరు చాల వాహనములను కొట్టుకొనిపోగలదు. చప్టాపై నీరు పారుచు క్రింది దారి కనబడనిచో వెనుకకు మరలుటయే మేలు. ఇంజనులోనికి నీరు చేరి ఆగినచో మరల స్టార్టు చేయరాదు. కనెక్టింగు రాడ్డు వంగును. బండిని వదలి మిట్టకు చేరవలెను. ఇంజను మరల కొనవచ్చును.

గ్రామాధికారులు చేయవలసినది

ఏ వీధికి ఏ ట్రాక్టరు, ఎవరు నడుపుదురు, ఏ ఇంట మంచము పట్టినవారు కలరు, వంక దాటకుండ ఏ మిట్టకు దారి కలదు అను వివరములను వర్షాకాలమునకు ముందే ఒక కాగితముపై వ్రాసి గ్రామ సచివాలయములో ఉంచవలెను. రాత్రివేళ కరెంటు, ఫోను పనిచేయకపోవచ్చును. కనుక దండోరా వేయు మనిషిని ముందే నియమింపవలెను. ఫోను పనిచేయుచున్నచో 112కును, అంబులెన్సునకు 108కును తెలుపవలెను.

ఒకనాడు పగటిపూట బండి తగిలించి, ఊరివారిని ఎక్కించి, మిట్టవరకు నడిపి, ఎంతసేపు పట్టినదో చూడుడు. ఆ సమయము ఎంతయో తెలిసిననాడు, ఏ హెచ్చరికకు ఎప్పుడు కదలవలెనో మీకే తెలియును.