వలస వెళ్ళిన బిడ్డకు బడి

జూన్ మాసమున బడి తెరవగనే ఉపాధ్యాయుడు హాజరుపట్టీ విప్పి పేర్లు పిలుచును. సిరిసిల్లలోగాని, కోరుట్ల, జగిత్యాలలలోగాని ఒకటి రెండు పేర్లకు బదులు పలుకు గొంతు వినిపింపదు. “వాండ్లు బొంబాయి పోయిండ్రు సార్” అని ప్రక్కనున్న పిల్లవాడు చెప్పును. ఆ బిడ్డ చదువు మానినట్లా, మరియొకచోట సాగించుచున్నట్లా? హాజరుపట్టీ ఈ ప్రశ్నకు సమాధానము చెప్పజాలదు. రెండు మూడేండ్లకు ఆ కుటుంబము తిరిగివచ్చినపుడు బిడ్డను ఏ తరగతిలో కూర్చుండబెట్టవలెననునది అంతకంటె చిక్కు ప్రశ్న.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన ప్రాంతపు వలసలను ప్రాస కలిపి చెప్పుకొనుట కలదు. సిరిసిల్ల నేతపనివారు సాంచెలు నడుపుటకు భివండీకి, సోలాపురమునకు, సూరతుకు పోవుట తరతరములుగా వచ్చుచున్నది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి వేలాదిమంది అరబ్బు దేశములకు పోవుచున్నారు. దారులు వేరైనను తలంపు ఒక్కటే. సంపాదించిన సొమ్ముతో ఇల్లు కట్టుకొనునది సొంత ఊరిలోనే. పిల్ల పెండ్లి చేయునదియు అచ్చటనే. తిరిగివచ్చు తలంపుతో పోయినవాని బిడ్డకు కావలసిన చదువు, పోయినచోటనే స్థిరపడినవాని బిడ్డకు కావలసిన చదువు ఒకటి కావు. ఈ భేదమును గుర్తించి, తగిన ఏర్పాటు చేసికొన్న దేశము జపాను. దాని పద్ధతిని కొంత పరిశీలించినచో మన సమస్య స్పష్టపడగలదు.

జపానులో నిర్బంధ విద్య తొమ్మిదేండ్లు. అందు ప్రాథమిక పాఠశాలలో ఆరేండ్లు గడచును. విదేశములందు నివసించు బిడ్డలకు ఆ నిర్బంధము వర్తింపదు. ఐనను వారిని ప్రభుత్వము విడిచిపెట్టలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1956లో బ్యాంకాక్ నగరమున జపాను పిల్లలకై పూర్తికాలపు పాఠశాల వెలసినది. మన ఢిల్లీలో అట్టిది 1964లో ఏర్పడినది. ముంబాయిలోను ఒకటి నెలకొల్పబడినది. ఈ బడులను స్థాపించి నడుపువారు ఆయా నగరములలోని జపాను సంఘములు, వర్తక సంస్థలు, తలిదండ్రులు. ప్రభుత్వము ఉపాధ్యాయులను పంపును. పాఠ్యపుస్తకములను ఉచితముగా ఇచ్చును. అచ్చటి చదువు స్వదేశపు చదువుతో సమానమని గుర్తించును. స్వదేశమునందువలెనే ఏప్రిల్ మాసమున తరగతులు మొదలగును.

పిల్లలు కొద్దిమందియే యున్నచోట మరియొక పద్ధతి కలదు. వారు వారమంతయు స్థానికమైన బడిలో చదివి, శనివారమునాడు సహాయక పాఠశాలకు పోవుదురు. అచ్చట ముఖ్యముగా నేర్పునవి జపాను భాష, గణితము. భాషకు అంత ప్రాధాన్యమేల? ప్రాథమిక దశలోనే జపాను పిల్లలు 1,026 చిత్రాక్షరములు నేర్వవలయును. వానిలో ఏ తరగతికి ఏవియో ముందుగనే నిర్ణయింపబడి యున్నవి. మొదటి తరగతికి 80. ఒక ఏడు తప్పినచో ఆ ఏటి అక్షరములు తప్పిపోవును. పై తరగతి పుస్తకము ఆ బిడ్డకు మూసిన తలుపగును.

ఇంత చేసినను తిరిగివచ్చిన పిల్లలకు ఇబ్బందులు తప్పలేదు. పరదేశపు నడవడి, మాటతీరు గలవారని తోడిపిల్లలు వారిని ఎగతాళి చేయుట జరిగినది. వారిని చేర్చుకొనుటకు కొన్ని పాఠశాలలు ప్రత్యేక నిబంధనలు చేసికొనవలసి వచ్చినది. 2022లో విదేశములందలి ఈ బడుల అభివృద్ధికై జపాను ఒక చట్టమునే చేసినది.

తిరిగివచ్చు బిడ్డకు మూడు వస్తువులు కావలయునని దీనివలన తేలుచున్నది: భాష, పాఠ్యక్రమము, చదివినట్లు తెలుపు పత్రము. జపాను బడి ఈ మూటిని ఒక్కచోట కూర్చినది. మనకో, ఒకచోట ఒకటి దొరికిన మరియొకటి దొరకదు.

భివండీనే చూడుడు. మన రాజ్యాంగమునకు 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చబడిన 350–ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని ప్రతి రాష్ట్రమును ఆదేశించుచున్నది. మహారాష్ట్రలో తెలుగు మాధ్యమపు బడులు వెలసినవి. 1967లో ఏర్పడిన ఆ రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థయగు బాలభారతి తెలుగులోను పుస్తకములు అచ్చొత్తించినది. ఇది గొప్ప మేలు. ఐతే ఆ పుస్తకముల భాష మనదేగాని పాఠ్యక్రమము మహారాష్ట్రది. అచ్చటి నాలుగవ తరగతి బిడ్డ శివాజీ చరిత్రను ప్రత్యేక గ్రంథముగా చదివియుండును, కాకతీయులనుగూర్చి వినియుండకపోవచ్చును. ఆ లోటు ఒక వేసవిలో తీరునట్టిది. తెలుగు బడి దూరమై మరాఠీ బడిలో చేరిన బిడ్డ స్థితి వేరు. వాని లెక్కలు చక్కగనే యుండును. కాని వానికి వచ్చినది దేవనాగరి లిపి. ఇంట తెలుగు ధారాళముగా మాటలాడు ఆ బిడ్డ, ఊరికి వచ్చినపుడు తన అమ్మమ్మ యింటి గోడమీది పేరు చదువజాలడు.

అరబ్బు దేశములకు పోయినవారి సంగతి మరియొక విధము. తక్కువ జీతముపై పోయిన కూలివానికి ఆలుబిడ్డలను వెంటగొనిపోవు అనుమతి దొరకదు. అందుచేత బిడ్డ ఊరి బడిలోనే యుండును. చదువు పొగడుటకు, మందలించుటకు తండ్రి ఫోనులో మాత్రమే యుండును. కుటుంబముతో నుండగలిగినవారి పిల్లలకు భారతీయ పాఠశాలలు కలవు. బహ్రెయినులోని భారతీయ పాఠశాల 1950లో మొదలైనది. జెద్దాలోనిది 1969లో స్థాపింపబడినది. అట్టి బడులలో పెక్కు సి.బి.ఎస్.ఇ. క్రమము ననుసరించును. కనుక పత్రమునకు చిక్కులేదు, పాఠ్యక్రమమునకును చిక్కులేదు. లోటు తెలుగునకే. సి.బి.ఎస్.ఇ. విషయములలో తెలుగు ఉన్నను, దానిని బోధించు పంతులు ప్రతి బడిలోను ఉండడు గదా!

తెలంగాణలో 2018 నాటి చట్టము పాఠశాలలందు తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. 2022–23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడి, ఒక పుట తెలుగు, ఒక పుట ఆంగ్లముగా ద్విభాషా పుస్తకములు వచ్చినవి. తిరిగివచ్చిన బిడ్డ ఒకేసారి రెండు భాషలను ఎదుర్కొనవలసియున్నది. ఇట్టివానిని మందబుద్ధియని క్రింది తరగతికి దించుట అన్యాయము. వానికి తెలియనిది లిపి మాత్రమే.

ఇచట చట్టము మనకు తోడున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి, రాష్ట్రము దాటి వచ్చిన బిడ్డకును ప్రభుత్వ పాఠశాలలో చేరు హక్కు కలదు. పాత బడివారు టి.సి.ని వెంటనే ఇయ్యవలెను. అది రాక ఆలస్యమైనదని క్రొత్త బడివారు చేర్చుకొనుట మానరాదు. బడికి దూరమైన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ నీయవలెను. ఈ సంగతి తెలియకనే పలువురు తలిదండ్రులు ‘కాగితము లేదు’ అనుమాట విని బిడ్డను సాంచెల కొట్టమునకో, బీడీల చేటయొద్దకో పంపుదురు.

బయలుదేరునపుడే టి.సి., జన్మపత్రము, మార్కుల పట్టిక సంచిలో నుంచుకొనుట మొదటి పని. మన రాష్ట్రపు పుస్తకములను వెంట తీసికొనిపోవుట రెండవది; ఇపుడవి అంతర్జాలమునను ఉచితముగా లభించుచున్నవి. మూడవది సంఘము చేయదగినది. శనివారపు బడికి జపానువారు కోటలు కట్టలేదు. అమెరికాలోని మనవారు 2007 నుండి ‘మనబడి’ పేరిట వారాంతమున తెలుగు నేర్పుచున్నారు. భివండీలో కులసంఘపు భవనముండగా, పదవ తరగతి చదివిన అక్క యొకతె యుండగా, ఆదివారము రెండు గంటలు గుణింతములు దిద్దించుట అసాధ్యమా?

నేతగాడు తెగిన పోగును చూచి మగ్గము నాపును. ముడివేసి మరల నడుపును. తెగినదని బట్టను పారవేయడు. హాజరుపట్టీలో బదులు పలుకని పేరును కొట్టివేయుటకు ముందు, ఆ బిడ్డ ఏ ఊరు పోయెను, ఏ బడిలో చేరెనని ఉపాధ్యాయుడు ఒక్క మాట అడిగి వ్రాసి యుంచినచో, ముడివేయుటకు పోగుకొస చేతిలో నిలుచును.