హోరులో దరువు వినాలంటే

డీజే హెడ్‌ఫోన్లు కొనడానికి వెళ్ళినవాళ్ళు దుకాణంలో ముందుగా తమకు నచ్చిన పాట పెట్టి, బాస్ ఎంత దద్దరిల్లుతోందో చూస్తారు. చల్లటి ఏసీ గదిలో, చుట్టూ చప్పుడు లేనప్పుడు, దాదాపు ఏ హెడ్‌ఫోన్లైనా ఆ పరీక్షలో నెగ్గుతాయి. డీజే పని మాత్రం నూరు డెసిబెళ్ళ హోరు మధ్య. జనం చిందులేస్తున్న పాట స్పీకర్లలో సాగుతుండగానే, తర్వాత వేయబోయే పాటను తానొక్కడే వినాలి. దాని దరువును ఇప్పటి దరువుతో కలపాలి. కలిసిందని నమ్మకం కుదిరాకే బయటికి వదలాలి.

ఈ పద్ధతి కుదురుకున్నది న్యూయార్క్‌లో. 1970 ప్రాంతంలో, ఒకప్పుడు జర్మన్ చర్చిగా ఉన్న భవనంలో శాంక్చువరీ అనే క్లబ్బు నడిచేది. అక్కడ ఫ్రాన్సిస్ గ్రాసో రెండో రికార్డును హెడ్‌ఫోన్‌లో ముందే విని, దరువు తెగకుండా ఒక పాటలోంచి మరో పాటలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇలా రహస్యంగా వినే వీలు కల్పిస్తూ 1971 ప్రాంతంలో అలెక్స్ రోస్నర్ హేవెన్ క్లబ్బుకు ఒక మిక్సర్ తయారుచేశాడు. ఎర్రరంగు వేయడంతో దానికి రోజీ అని పేరొచ్చింది. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ తాను చదివిన ఎలక్ట్రానిక్స్‌ను నమ్ముకొని, అదే పనికి తన స్విచ్చు తానే బిగించుకున్నాడు. డీజే కళలో సగం ఈ చాటు వినికిడిలోనే ఉందని నా నమ్మకం.

ఆ వినికిడి ఎంత కచ్చితంగా ఉండాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక పాట నిమిషానికి 120 దరువులు, రెండోది 121 అనుకుందాం. మొదటిదాంట్లో దరువుకూ దరువుకూ మధ్య 500 మిల్లీసెకన్లు, రెండోదాంట్లో సుమారు 496. తేడా దరువుకు నాలుగు మిల్లీసెకన్లే. కానీ అది పోగుపడుతుంది. ఎనిమిది దరువులు గడిచేసరికి రెండు పాటలూ 33 మిల్లీసెకన్లు ఎడమవుతాయి. అప్పటికి ఒక్కటిగా ‘ధన్’ అని మోగాల్సిన కిక్ డ్రమ్ ‘ధ-ధన్’ అని రెండుగా చీలి వినపడుతుంది. నాట్యం చేసేవాళ్ళ కాళ్ళు వెంటనే తడబడతాయి. డీజే ఆ చీలికను అంతకన్నా ముందే, తన చెవిలోనే పట్టుకోవాలి.

దాన్ని పట్టించేది బాస్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి కిక్ డ్రమ్ మోతలో రెండు భాగాలుంటాయి: పొట్టను కదిలించే 50, 60 హెర్ట్జ్‌ల గుబగుబ, దెబ్బ తగిలిన క్షణంలో 2000 నుంచి 5000 హెర్ట్జ్‌ల మధ్య పుట్టే ‘టక్’. 50 హెర్ట్జ్‌ల తరంగం ఒక్క చుట్టు పూర్తి కావడానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంత నెమ్మదైన శబ్దం ఎప్పుడు మొదలైందో చెవి తేల్చి చెప్పలేదు. 4000 హెర్ట్జ్‌ల దగ్గర ఒక చుట్టుకు మిల్లీసెకనులో పావు వంతు చాలు. అందుకే కాలాన్ని కొలిచి చూపేవి ఆ ‘టక్’, హై-హ్యాట్ తాళాల ‘చిక్ చిక్’. బాస్‌ను ఉబ్బించి, దాని కింద వీటిని మసకబార్చే హెడ్‌ఫోన్లు ఎంత ఖరీదైనవైనా ఈ పనికి తీసికట్టే.

ఇక అసలు విషయం, బయటి మోతను ఆపడం. 50 హెర్ట్జ్‌ల తరంగదైర్ఘ్యం దాదాపు ఏడు మీటర్లు. 5000 హెర్ట్జ్‌లది ఏడు సెంటీమీటర్లు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కప్పు ఏడు మీటర్ల తరంగాన్ని పెద్దగా అడ్డుకోలేదు. పొట్టి తరంగాలను మాత్రం బాగానే ఆపుతుంది. కాబట్టి క్లబ్బులోని బాస్ ఎలాగూ లోపలికి వస్తుంది. దరువును లెక్కగట్టే పై పౌనఃపున్యాల్లో మాత్రం డీజేకి కాస్త నిశ్శబ్దం దక్కుతుంది. ఆయనకు కావలసిన చోటే అది దొరకడం మంచిదైంది. వెనక జాలీ ఉండే ఓపెన్ రకం హెడ్‌ఫోన్లు ఇంట్లో ఎంత కమ్మగా పలికినా, ఈ కారణం వల్లనే ఇక్కడ పూర్తిగా పనికిరావు.

బయట 100 డెసిబెళ్ళు ఉందనుకోండి. కప్పు 20 డెసిబెళ్ళు ఆపితే లోపలికి 80 వస్తుంది. లోపలి పాటను 85 దగ్గర ఉంచినా స్పష్టంగా వినొచ్చు. అదే కప్పు 8 మాత్రమే ఆపితే లోపల 92 ఉంటుంది, పాటను 97కి పెంచాల్సి వస్తుంది. అమెరికాలో వృత్తిపరమైన ఆరోగ్య సమస్యలపై పరిశోధించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ మోతలో రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్ళకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 97 దగ్గరికొచ్చేసరికి మిగిలేది అరగంట. డీజే మాత్రం నాలుగైదు గంటలు నిలబడతాడు. సౌండ్ క్వాలిటీ గురించి ఎన్ని వాదనలున్నా, బయటి మోతను ఎంత ఆపుతుందన్నదే మొదట అడగవలసిన ప్రశ్న అని నేను అనేది ఇందుకే.

దీనికి ఇంకో కోణం ఉంది, అది నన్ను మరీ కలవరపెడుతుంది. పెద్ద మోతకు లోపలి చెవిలోని రోమకణాలు అలసిపోయినప్పుడు వినికిడి మొదట మందగించేది 4000 హెర్ట్జ్‌ల చుట్టుపక్కలే. అంటే డీజే దరువు కొలుచుకునే చోటే. రాత్రి గడిచేకొద్దీ ‘టక్’ మసకబారుతుంది, చెయ్యి తెలియకుండానే వాల్యూమ్ పెంచుతుంది, అలసట ఇంకా పెరుగుతుంది. మర్నాటికి కొంత తేరుకుంటుంది గానీ, ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే ఆ కణాలు చచ్చిపోతాయి. మనుషుల్లో అవి మళ్ళీ పుట్టవు.

కప్పు ఎంత మంచిదైనా చెవి చుట్టూ సందు ఉంటే లాభం లేదు. కళ్ళద్దాల కాడ, పెద్ద జుంకా, ఒత్తైన జుట్టు, పగిలిన ప్యాడ్, వీటిలో ఏదైనా చాలు. మెత్తటి తోలులాంటి ప్యాడ్లు చెమట పట్టిస్తాయి, కానీ వెల్వెట్ లాంటి గుడ్డ ప్యాడ్లకన్నా సందును బాగా మూస్తాయి. బిగువు కూడా అవసరమే. 1988లో వచ్చి ఇప్పటికీ డీజేల మెడల్లో కనిపించే సెన్‌హైజర్ హెచ్‌డీ 25 దీనికి మంచి ఉదాహరణ. చెవి చుట్టూ కాక చెవి మీదే కూర్చునే చిన్న కప్పులు, కేబుల్ లేకుండా 140 గ్రాముల బరువు, గట్టి పట్టు. ఒక కప్పు పక్కకు తిరుగుతుంది కాబట్టి ఒక చెవిని హాలుకు వదిలేయొచ్చు. ప్యాడ్, కేబుల్, కప్పు, ఏది పాడైతే అది విడిగా కొని మార్చుకోవచ్చు. గంటసేపటికి చెవి నొక్కుకుపోతుందనే ఫిర్యాదు కూడా నిజమే. తల పెద్దగా ఉన్నవాళ్ళు చెవి మొత్తాన్ని కప్పే రకం చూసుకోవడం మంచిది.

ఒక చెవి హాలుకు వదిలినప్పుడు ధ్వని వేగాన్ని మర్చిపోకూడదు. అది సెకనుకు సుమారు 343 మీటర్లు. పెద్ద స్పీకర్లు పది మీటర్ల దూరంలో ఉంటే వాటి శబ్దం 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. హెడ్‌ఫోన్‌లో ఆలస్యం లేదు. హాల్లో వినపడే దరువుకు హెడ్‌ఫోన్ దరువును కలిపితే, కొత్త పాట అంతే ఆలస్యంగా బయటికెళ్ళి కిక్ చీలుతుంది. అందుకే డీజే పక్కనే బూత్ మానిటర్ స్పీకరు పెడతారు. మన బరాత్ బండ్ల మీద చాలాసార్లు ఆ సౌకర్యం ఉండదు. పైగా డీజే స్పీకర్ల వెనక నిలబడతాడు. పొడవైన బాస్ తరంగాలు డబ్బాల చుట్టూ వంగి ఆయన్ను చేరతాయి, పై పౌనఃపున్యాలు నేరుగా ముందుకు వెళ్ళిపోతాయి. అలాంటప్పుడు మిక్సర్‌లోని క్యూ-మిక్స్ నాబ్ తిప్పి రెండు పాటలనూ హెడ్‌ఫోన్‌లోనే కలిపి వినడం ఒక్కటే దారి. మోతను ఆపే కప్పు విలువ అక్కడ రెట్టింపవుతుంది.

బ్లూటూత్ మాట ఎత్తకండి. అందులో ఆలస్యం మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అర సెకనుకో దరువు పడే పాటలో దాంతో ఏమీ కలపలేం. శబ్దానికి ఎదురు శబ్దం పుట్టించే నాయిస్ క్యాన్సిలింగ్ విమానం హోరు లాంటి నిలకడైన మోతకు బాగా పనిచేస్తుంది. క్లబ్బు బాస్‌కు దీటుగా ఎదురు శబ్దం పుట్టించడం హెడ్‌ఫోన్‌లోని చిన్న డయాఫ్రమ్‌కు కష్టం.

పెట్టె మీది అంకెల్లో చాలావాటిని దాటేయొచ్చు. 40,000 హెర్ట్జ్‌ల దాకా పలుకుతుందని రాస్తారు, మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. 3500 మిల్లీవాట్లు తట్టుకుంటుందని రాస్తారు. మిల్లీవాటుకు 106 డెసిబెళ్ళు పలికే హెడ్‌ఫోన్‌కు పది మిల్లీవాట్లిస్తేనే 116 డెసిబెళ్ళు, అంటే ప్రమాదం. చూడాల్సింది ఇంపెడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డు. మిక్సర్ అదే వోల్టేజీ ఇచ్చినా, 250 ఓమ్‌ల స్టూడియో రకం 32 ఓమ్‌ల రకంకన్నా ఎనిమిదో వంతు శక్తినే తీసుకుంటుంది. సున్నితత్వం సమానమైతే తొమ్మిది డెసిబెళ్ళు తగ్గినట్టే. 32 నుంచి 70 ఓమ్‌ల మధ్య ఉన్నవి ఏ మిక్సర్‌కైనా సరిపోతాయి.

దుకాణంలో పరీక్ష కూడా వేరేగా ఉండాలి. పక్కన స్పీకర్‌లో ఒక పాట గట్టిగా పెట్టమనండి. హెడ్‌ఫోన్‌లో వేరే పాట పెట్టి, హై-హ్యాట్ స్పష్టంగా వినపడేంత వరకే వాల్యూమ్ తగ్గించుకుంటూ రండి. అన్నిటికన్నా తక్కువ వాల్యూమ్‌లో ఆ పని చేసినదాన్ని ఎంచుకోండి. చుట్టల కేబుల్, మరతో బిగించే 6.35 మిల్లీమీటర్ల పిన్ను, విడిగా దొరికే ప్యాడ్లు ఉన్నాయేమో అడగండి.

డబ్బు మొత్తం హెడ్‌ఫోన్ల మీదే పెట్టకుండా కొంత మిగుల్చుకోండి. కప్పు కాపాడేది ఒక చెవినే, హాలుకు వదిలిన రెండో చెవికి సంగీతకారుల ఇయర్‌ప్లగ్ కావాలి. మామూలు ఫోమ్ ప్లగ్ పై పౌనఃపున్యాలను ఎక్కువగా కోసేస్తుంది. ఈ రకం మాత్రం అన్నిటినీ ఇంచుమించు సమానంగా 15 డెసిబెళ్ళు తగ్గిస్తుంది, కాబట్టి తాళాల చప్పుడు చెడదు. 100 డెసిబెళ్ళ హాలు ఆ చెవికి 85 అవుతుంది. నియోష్ లెక్కలో పావుగంట గడువు ఎనిమిది గంటలవుతుంది.