తుంటి మార్చాక తొడ ఎముక విరిగితే

తుంటి మార్పిడి చేయించుకుని ఏళ్ల తరబడి హాయిగా తిరిగిన పెద్దావిడ తడి గచ్చు మీద జారిపడుతుంది. "లోపల రాడ్డు ఉంది కదా, ఏం కాదులే" అంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి ఎక్కువగా విరిగేది తొడ ఎముకలోకి దించిన ఆ రాడ్డు చుట్టూ, లేదంటే దాని కొస దగ్గరే. గట్టి లోహం అక్కడితో ఆగుతుంది, వయసుతో గుల్లబారిన ఎముక అక్కణ్నుంచి మొదలవుతుంది.

అమెరికాలోని మేయో క్లినిక్ 32,644 తుంటి మార్పిడులను పరిశీలించింది. 20 ఏళ్లలో ఇలా విరిగే అవకాశం 3.5 శాతమని తేలింది. సిమెంటుతో బిగించిన రాడ్డుకు అది 2.1 శాతం, సిమెంటు లేనిదానికి 7.7 శాతం.

ఆపరేషన్ ఏదన్నది ముఖ్యంగా ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: రాడ్డు బిగువుగా ఉందా, వదులైందా? పారకు కామ గట్టిగా ఉండి చీలికొస్తే తీగ చుట్టి వాడుకుంటాం. కామే ఊగుతుంటే ఎంత తీగ చుట్టినా పని జరగదు. ఇక్కడా అంతే. 1995లో డంకన్, మస్రీ చేసిన వాంకోవర్ వర్గీకరణలో బిగువుగా ఉన్నది బి1. దానికి ప్లేటు, స్క్రూలు, లోహపు తీగలు చాలు. వదులైతే బి2. పాతది తీసి పొడవాటి రాడ్డు వేయాలి. అది విరిగిన చోటును దాటి, ఎముక వ్యాసానికి కనీసం రెండింతలు కిందికి దిగాలి. ఎముక కూడా అరిగిపోయి ఉంటే బి3, అన్నిటికంటే కష్టమైనది. వదులైనదాన్ని బి1 అనుకుని ప్లేటు వేస్తే మళ్లీ కత్తి కిందికి వెళ్లాల్సి రావచ్చు.

ఇంకో లెక్క భయపెడుతుంది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలా విరిగినవారిలో 11 శాతం మంది ఏడాదిలోపే చనిపోయారు. మామూలు తుంటి లేదా మోకాలి మార్పిడి తర్వాత ఆ లెక్క 2.9 శాతమే. శస్త్రచికిత్స రెండు రోజులకు మించి ఆలస్యమైనప్పుడు ముప్పు పెరిగింది.

బాన్సువాడ లాంటి ఊరి నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. పాత రాడ్డు తీసి కొత్తది వేసే రివిజన్ ఆపరేషన్ అన్నిచోట్లా జరగదు. అనుభవమున్న సర్జన్, రక్తం, సరైన సైజు రాడ్లు ఒకేచోట దొరకాలి. అందుకే కట్టు కట్టించి, నాటు వైద్యం చేయించి రోజులు పోగొట్టకండి. కాలు కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేయండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షల రూపాయలు. ఈ ఆపరేషన్ అందులోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

మొదటి ఆపరేషన్ కాగితాలు, వాటిపై అంటించిన రాడ్డు కంపెనీ, సైజు స్టిక్కర్లు పారేయకండి. కొత్త డాక్టరు మొదట అడిగేది అవే.