చూపులేని దేవుణ్ణి ఇంటికి పిలిచే సీమ

జపాన్ పడమటి తీరంలో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నోతో ద్వీపకల్పం. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంతో ప్రపంచం ఆ పేరు విన్నది. అంతకుముందూ ఆ తర్వాతా అక్కడి మనుషులు బతుకుతున్న తీరు ఇది.

డిసెంబరు 5. కోతలై చాలా రోజులైంది. చలికి బిగుసుకున్న మళ్ల దగ్గరికి ఓ రైతు పండగ బట్టలు కట్టుకుని వెళ్తాడు. వంగి దణ్ణం పెట్టి, ఏడాదంతా పైరును కాచినందుకు కృతజ్ఞతలు చెప్పి, ఇక ఇంటికి దయచేయమంటాడు. అక్కడ ఎవరూ కనిపించరు. అయినా వెనకాల ఎవరో వస్తున్నట్టే నెమ్మదిగా నడుస్తాడు. గుమ్మం వస్తే గుమ్మమని, మెట్టు వస్తే మెట్టని చెబుతాడు. పొలం దేవుడికి చూపు లేదని అక్కడివాళ్ల నమ్మకం. వరి వెన్ను గుచ్చుకుని కళ్లు పోయాయని కొందరంటారు. అన్నాళ్లూ మట్టిలో చీకట్లో ఉండటం వల్లనని మరికొందరు.

ఇంటిల్లిపాదీ గుమ్మంలో ఎదురొస్తారు. ముందు నిప్పుల దగ్గర కూర్చోబెట్టి చలి కాచుకోనిస్తారు. తర్వాత వేడినీళ్ల స్నానం. ఇంటిపెద్ద తొట్టిలో చేయిపెట్టి వేడి సరిచూసి మరీ పిలుస్తాడు. ఆపైన భోజనం. దేవుడు ఒంటరిగా కాక దంపతులుగా వస్తాడని నమ్మకం కాబట్టి అన్నీ రెండేసి వడ్డనలు: అజుకీ గింజలతో ఎర్రగా వండిన అన్నం, చేప, రెండు కాళ్లలా చీలిన ముల్లంగి, బియ్యంతో చేసే తియ్యటి అమజకే. అతిథులకు కనిపించదు కనుక ఏ గిన్నెలో ఏముందో పేరుపేరునా చెబుతాడు. వాళ్లు తిన్నారనుకున్నాకే ఇంట్లోవాళ్లు తింటారు. వచ్చే ఏటి విత్తనాల బస్తాల దగ్గర దేవుడు శీతాకాలమంతా ఆ ఇంట్లోనే ఉంటాడు. ఫిబ్రవరి 9న మళ్లీ స్నానం, మళ్లీ విందు. ఆనక పొలానికి సాగనంపుతారు.

దీన్ని ఆయెనోకోతో అంటారు. దీనికి పూజారి లేడు, గుడి లేదు, చూసే జనం లేరు. ప్రతి ఇంటికీ తన పద్ధతి తనది. 2009లో ఈ తంతు యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. నోతో గురించి ఒక్కటే చెప్పాలంటే నేను ఇదే చెబుతాను. అక్కడి బతుకంతా ఎవరో ఒకరిని ఇంటికి పిలవడం చుట్టూ అల్లుకుని ఉంది.

గాలికి వెదురు, ఉప్పుకు ఇసుక

ఇషికావా రాష్ట్రంలోని ఈ ద్వీపకల్పం మీదికి చలికాలంలో సముద్రపు గాలి మంచును మోసుకుని వచ్చి పడుతుంది. అలలు రాళ్లకు కొట్టుకుని, తెల్లటి నురగ ముద్దలై గాలిలో ఎగురుతుంది. ఓజావా లాంటి తీరపు ఊళ్లు ఆ గాలిని ఆపుకోవడానికి ఇళ్ల ముందు ఎత్తయిన వెదురు దడి కట్టుకున్నాయి. సముద్రం వైపు నుంచి చూస్తే ఊరు కనిపించదు, వెదురే కనిపిస్తుంది.

చదును నేల తక్కువ. వాజిమా పట్టణం దగ్గర షిరోయోనే అనే చోట కొండవాలు మీద నుంచి సముద్రం అంచుదాకా 1,004 మళ్లు మెట్లుమెట్లుగా దిగుతాయి. అన్నీ కలిపినా దాదాపు 4 హెక్టార్లే. కొన్నింట్లో మనిషి పడుకోవడానికి కూడా చోటుండదు. యంత్రం దిగే వీల్లేదు కాబట్టి నాటేదీ కోసేదీ చేత్తోనే. లెక్కలు వేసుకునేవాడు ఎప్పుడో వదిలేయాల్సిన సేద్యం ఇది. ఇక్కడ వదల్లేదు. నగరాల నుంచి వచ్చేవాళ్లు ఏడాదికింతని కట్టి ఒక్కో మడిని తమదిగా చూసుకునే ఏర్పాటు చేసి నిలబెట్టుకున్నారు. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ జపాన్‌లో మొదటిసారి వ్యవసాయ వారసత్వ సీమలను గుర్తించినప్పుడు సాదో దీవితో పాటు నోతో కూడా ఉంది.

ద్వీపకల్పం కొసన సుజులో ఉప్పు చేసే తీరు మరీ కష్టం. సముద్రపు నీళ్లను బిందెలతో మోసుకొచ్చి, చదును చేసిన ఇసుక మీద వానజల్లు పడినట్టు సమంగా చల్లుతారు. ఎండకు నీరు ఇగిరి ఉప్పు ఇసుకకు పడుతుంది. ఆ ఇసుకను పోగుచేసి, మళ్లీ సముద్రపు నీళ్లు పోసి చిక్కటి ఉప్పునీరు దింపి, కట్టెల పొయ్యి మీద పెద్ద ఇనుప బాణలిలో రాత్రంతా కాస్తారు. నీళ్లు మోయడం నేర్వడానికి మూడేళ్లు, చల్లడం నేర్వడానికి పదేళ్లు అంటారు అక్కడ. యుద్ధానంతరం సర్కారీ ఉప్పు గుత్తాధిపత్యంలో కయ్యలన్నీ మూతపడుతుంటే సుజులో ఒక్క కుటుంబం ఆ పని ఆపలేదు. ఐదు వందల ఏళ్ల విద్య వాళ్ల చేతుల మీదుగానే నేటికి దక్కింది.

వాజిమా ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఒకరిద్దరు మొగుళ్లను పోషించలేనిది ఆడదే కాదని అక్కడ సామెత! గాలిగొట్టాలు లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి నత్తలు, ఆల్చిప్పలు, సముద్రపు నాచు ఏరే మహిళలను 'అమా' అంటారు. తీరానికి 50 కిలోమీటర్ల దూరంలోని హెగురా దీవి దాకా వెళ్లి మునుగుతారు. ఇక వాజిమా పొద్దుటి సంతకు వెయ్యేళ్ల పైబడిన చరిత్ర ఉందంటారు. ఎండుచేపలు, కూరలు, పచ్చళ్లు, పులియబెట్టిన చేపల రసం పరుచుకుని కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 'కోతే కుదా' అని పిలుస్తారు, కొనుక్కో అని.

పిలిచినవాళ్లకు పెట్టే పళ్లెం

జపాన్ అంతటా వాజిమా పేరు మోసిన వస్తువు లక్కపూత గిన్నె. చెక్క గిన్నెకు విరిగే అవకాశమున్న అంచుల దగ్గర గుడ్డ అంటిస్తారు. ఊరి కొండల్లో దొరికే ఒక రకం మన్నును కాల్చి పొడిచేసి లక్కలో కలిపి పూస్తారు. ఆ మన్ను రంధ్రాల్లోకి లక్క ఇంకి రాయిలా గట్టిపడుతుంది. పూయడం, ఆరబెట్టడం, నునుపు చేయడం కలిపి వందకు పైగా దశలు, ఒక్కో దశకు ఒక్కో పనివాడు. లక్క ఎండలో ఆరదు, తేమలో ఆరుతుంది. ఈ సీమ తడిగాలి అందుకు కలిసొచ్చింది.

ఇంత ఖరీదైన గిన్నెలు పల్లెటూరి రైతులు ఎలా కొన్నారు? చీటీ వేసుకుని. పదిమంది కూడి తలా కొంత వేసుకుంటే, వంతుల ప్రకారం ఒక్కొక్కరి ఇంటికి ఒక్కో విందు సెట్టు వచ్చేది. రోజూ తినడానికి కాదు, ఇంటికి పదిమందిని పిలిచినప్పుడు వడ్డించడానికి.

ఆ పిలుపు ఎక్కువగా కిరికో పండగకే. జులై నుంచి అక్టోబరు దాకా ద్వీపకల్పంలో ఊరికో రోజున, లోపల దీపం వెలిగే, కిరికో అనే ఎత్తయిన కాగితపు లాంతర్లను భుజాల మీద మోస్తారు. ననావో దగ్గర ఇస్సకిలో వాటి బరువు దాదాపు 2 టన్నులు, ఒక్కోదాన్ని వంద మంది ఎత్తుతారు. మొదట జరిగేది ఉషిత్సు ఊళ్లో. పూర్వం అంటురోగం వస్తే క్యోతో నుంచి దేవుణ్ణి పిలిపించారట. ఒక నీలి తేనెటీగ వచ్చి రోగులను కుట్టగానే రోగం నయమైందట. ఆ సంబరమే నేటికీ. దేవుడి పల్లకిని సముద్రంలో పడేస్తారు, ఏట్లో దొర్లిస్తారు, మంటల్లోకి తోస్తారు. ఎంత గలాటా చేస్తే దేవుడికి అంత ఇష్టమట.

ఆ రోజు ప్రతి ఇంటి తలుపూ తెరిచే ఉంటుంది. మన ఊరి జాతరకు చుట్టాలను పిలుచుకున్నట్టే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు కూడా వచ్చి తిని వెళ్తారు. దీన్ని 'యోబరే' అంటారు. తేదీలు వేరు కనుక ఈ వారం వచ్చినవాళ్లు వచ్చే వారం పిలుస్తారు. నగరాలకు వెళ్లిపోయిన పిల్లలు కొత్త సంవత్సరానికి రాకపోయినా దీనికి వస్తారు. జనం తగ్గుతూ, ఉన్నవాళ్లలో దాదాపు సగం 65 దాటినవాళ్లయిన ఊళ్లకు లాంతరెత్తే భుజాలు అలా సమకూరాయి.

2024 తర్వాత

నోతో మెత్తనిది, మట్టితో సహా అని పాత మాట ఒకటుంది. ఆ మట్టే జనవరి 1 సాయంత్రం 4.10కి 7.6 తీవ్రతతో కదిలింది. కొత్త సంవత్సరం రోజు కావడంతో ఇళ్లు చుట్టాలతో నిండి ఉన్నాయి. ఇళ్లు కూలి, సునామీ వచ్చి, కొండచరియలు విరిగి 200 మందికి పైగా చనిపోయారు. వాజిమా సంత వీధి మంటల్లో కాలిపోయింది. సముద్రగర్భం కొన్నిచోట్ల 4 మీటర్ల మేర పైకి లేచింది. రేవులో పడవలు కదల్లేక ఉండిపోయాయి, అమాలు మునిగే రాళ్లు ఎండకు తేలాయి. షిరోయోనే మళ్లు పగుళ్లిచ్చాయి. ఆ ఏడు 120 మళ్లలోనే నాటగలిగారు. సెప్టెంబరులో కుండపోత వాన వచ్చి కోలుకుంటున్న వాటినీ ముంచింది.

జనం తగ్గిపోతున్న ఇలాంటి మారుమూల ఊళ్లను మళ్లీ కట్టడం అవసరమా అని జపాన్‌లో కొందరు అడిగారు. లెక్క ప్రకారం ఆ ప్రశ్న తప్పు కాదేమో. కానీ ఆ లెక్క ఇళ్లలో ఉండేవాళ్లనే లెక్కిస్తుంది, పిలిస్తే వచ్చేవాళ్లను లెక్కించదు. ఉషిత్సు వాళ్లు జులైలో కూలిన ఇళ్ల మధ్యనే పండగ చేశారు. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు కూడా లాంతర్లు మోయడానికి వచ్చారు.

తాత్కాలిక షెడ్లలో లక్కపని మళ్లీ మొదలైంది. ఆ ఏప్రిల్‌లో జపాన్ ప్రధాని కిషిదా అమెరికా వెళ్లినప్పుడు అధ్యక్షుడు బైడెన్‌కు వాజిమా లక్క కాఫీ కప్పులు ఇచ్చారు. సంతకు వీధి లేకపోతే వీధి ఉన్నచోటికే వెళ్దామని, మార్చి నుంచే అమ్మకందార్లు కనజవా నగరంలో దుకాణాలు పరిచారు. అక్కడి నుంచి ఇతర ఊళ్లకూ పిలుపులు వచ్చాయి. ఎండుచేపలు మూటగట్టుకుని వెళ్లి అమ్ముకొస్తున్నారు.