ఒక్క వ్యాసంతో ‘నేచర్’ను దాటిన జర్నల్

‘యాక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’ అనే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో 2.051. మరుసటి ఏడాది ఏకంగా 49.926! ‘నేచర్’ (34.480), ‘సైన్స్’ (29.747) రెండూ వెనకబడ్డాయి. స్ఫటిక శాస్త్రంలో విప్లవమేమీ రాలేదు. జార్జ్ షెల్డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసం మహిమ అది.

లెక్క ఇదీ: 2007, 2008ల్లో జర్నల్ ప్రచురించినవాటిని 2009లో పరిశోధకులు ఎన్నిసార్లు ఉటంకించారో కూడి, ఆ రెండేళ్లలో వచ్చిన పరిశోధన, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. ఉత్త సగటు. స్ఫటికాల్లో పరమాణువుల అమరికను తేల్చే షెల్‌ఎక్స్ ప్రోగ్రాములు షెల్డ్రిక్‌వే. వాటిని వాడినవారు తన 2008 వ్యాసాన్ని ఉటంకించవచ్చని ఆయన అందులోనే రాశారు. ఉటంకింపులు 6,600 దాటాయి. ఆ ఏటి వ్యాసాల్లో రెండో స్థానంలో ఉన్నదానికి దక్కినవి 28! 2011 వచ్చేసరికి ఆ వ్యాసం రెండేళ్ల గడువు దాటిపోయింది, జర్నల్ మళ్లీ 2 దగ్గరికి దిగింది.

ఉటంకింపుల సూచిక ఆలోచన యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. పాత తీర్పులను తర్వాతి తీర్పులు ఎక్కడ ప్రస్తావించాయో చూపే ‘షెపర్డ్స్’ అనే గ్రంథం అమెరికా వకీళ్లకు ఉండేది. అలాంటిది సైన్సుకూ కావాలని ఆయన 1955లో ప్రతిపాదించారు. 1964లో ఫిలడెల్ఫియా నుంచి ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ వెలువడింది. అందులో ఏ జర్నళ్లను చేర్చాలో తేల్చుకోడానికి, సహచరుడు ఇర్వింగ్ షేర్‌తో కలిసి కట్టిన కొలతే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. జర్నళ్లను ఏరడానికి పుట్టిన ఆ అంకెతో నేడు మనుషుల ఉద్యోగాలూ ప్రమోషన్లూ తూస్తున్నారు. ఇది అన్యాయమే. గణితంలో ఉటంకింపులు నిదానంగా వస్తాయి, రెండేళ్ల గడువు గణితవేత్తలకేం సరిపోతుంది?

ఈ సూచిక ఇప్పుడు క్లారివేట్ కంపెనీ చేతిలో, ‘వెబ్ ఆఫ్ సైన్స్’లో భాగంగా ఉంది. అందులోకి రావాలంటే జర్నల్ వేళకు వెలువడాలి, వ్యాసాలను నిపుణుల చేత పరీక్షింపజేయాలి, సంపాదకవర్గం నిజమైనది కావాలి. ఇలా నాణ్యతకు 24, ప్రభావానికి 4 ప్రమాణాలున్నాయి. చేరినా చోటు శాశ్వతం కాదు. 2023లో 50కి పైగా జర్నళ్లను తీసేశారు. ‘స్కోపస్’ అనే సూచిక వేరు. అది ఎల్సెవియర్‌ది, దాని కొలత సైట్‌స్కోర్. స్కోపస్‌లో ఉన్నంతమాత్రాన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్నట్టు కాదు.

‘గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ వంటి బూటకపు కొలతల పేర్లతో మెయిల్ పంపి డబ్బడిగే జర్నళ్లకు కొదవలేదు. కట్టేముందు ఆ జర్నల్ ఐఎస్ఎస్ఎన్ అనే గుర్తింపు నంబరును క్లారివేట్ వారి ‘మాస్టర్ జర్నల్ లిస్ట్’లో వెతికి చూడండి, అది ఉచితం.