గొడుగులపై షాపు పేరు కొట్టిస్తున్నారా? ఫ్లెక్సీ ఫైలే పంపితే అంతే సంగతులు.. ముందు ఇవి చూసుకోండి!

జనగామ / మహబూబాబాద్ / భూపాలపల్లి: వానాకాలం దగ్గర పడిందంటే చాలు.. ఎరువుల షాపులు, బట్టల దుకాణాలు, చిట్టీల కంపెనీలు, సంఘాలు తమ పేరు వేసిన గొడుగులు పంచడం మామూలే. ఖర్చు ఒక్కసారే, ప్రచారం మాత్రం గొడుగు విరిగేదాకా. కానీ పేరే తప్పు పడితే? ఫ్లెక్సీ అయితే తీసేసి మరొకటి కొట్టించుకోవచ్చు. గుడ్డ మీద ఆరిన రంగు మాత్రం వదలదు. 200 గొడుగులు ఆర్డర్ ఇస్తే 200 గొడుగుల మీదా అదే తప్పు ఊరంతా తిరుగుతుంది. చాలాసార్లు ఆ తప్పు ప్రింటింగ్ యూనిట్‌లో జరగదు. అక్కడికి పంపిన ఫైల్‌లోనే ఉంటుంది. అందుకే ఆర్డర్ ఇచ్చే ముందు ఈ విషయాలు తెలుసుకోవాలి.

గొడుగంటే ఎనిమిది త్రికోణాలు

ఫ్లెక్సీ నాలుగు మూలల డబ్బా. గొడుగు అలా కాదు. మామూలు గొడుగుకు 8 ఊచలు, వాటి మధ్య 8 త్రికోణాల గుడ్డ ముక్కలు ఉంటాయి. వీటినే ప్యానెళ్లు అంటారు. ఊచ పొడవు 23 అంగుళాలు, తెరిస్తే అడ్డంగా 40 అంగుళాలు వచ్చే గొడుగునే తీసుకుందాం. ఒక్కో ప్యానెల్ కింది అంచు సుమారు 15 అంగుళాలు వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ వెడల్పు తగ్గుతూ కొన దగ్గర సున్నా అవుతుంది. అంచు నుంచి 2 అంగుళాలు, పక్క కుట్లకు అంగుళం చొప్పున వదిలేస్తే మిగిలేది 9 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు. లోగో, పేరు, ఫోన్ నంబర్ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

అందుకే ముందుగా ప్రింటింగ్ వాళ్ల దగ్గర ఆ గొడుగు మోడల్ ప్యానెల్ టెంప్లేట్ అడిగి తీసుకోవాలి. డిజైన్‌ను దానిపైనే, అసలు సైజులో చేయాలి. అక్షరాల తల గొడుగు కొన వైపు, కాళ్లు అంచు వైపు ఉండాలి. గొడుగు మూసి కట్టే పట్టీ ఏ ప్యానెల్‌కు కుడతారో అడిగి, పేరు వేయడానికి ఆ ప్యానెల్ కాకుండా వేరేది ఎంచుకోవడం మేలు.

ఇక గొడుగు మొత్తం పరుచుకునే బొమ్మ కావాలంటే గుడ్డ కుట్టక ముందే ప్రింట్ చేయాలి. రెడీమేడ్ గొడుగు మీద అయితే ఒక్కో ప్యానెల్ పరిచి విడివిడిగా కొడతారు. అప్పుడు బొమ్మ కుట్టు దాటి పక్క ప్యానెల్‌లోకి పోకుండా చూసుకోవాలి.

వత్తులు ఎందుకు ఊడిపోతాయి?

తెలుగులో అసలు తలనొప్పి ఇక్కడే. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. జనగామలో టైప్ చేసిన ఫైల్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే షాపు పేరుకు బదులు పిచ్చి గీతలు, గుర్తులు కనిపిస్తాయి.

యూనికోడ్‌లో టైప్ చేస్తే సమస్య తీరిపోతుందా అంటే అదీ కాదు. పాత వెర్షన్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెలుగు వత్తులను సరిగ్గా కలపలేవు. ఫోటోషాప్ పాత వెర్షన్లలోనైతే సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఆప్షన్ ఆన్ చేయాల్సిందే. లేదంటే 'తొర్రూరు'లో ర వత్తు, 'మొగుళ్లపల్లి'లో రెండు ల వత్తులు పక్కకు జరిగిపోతాయి. 'కాళేశ్వరం' కాస్తా 'కాళేశ్‌వరం' అయి కూర్చుంటుంది.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. 'స్టేషన్ ఘన్‌పూర్' అని రాయాలంటే 'న్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పడాలి. కాపీ, పేస్ట్ చేసేటప్పుడు అది పోయిందనుకోండి.. 'ఘన్పూర్' అని ప కిందికి దిగి వత్తు అయిపోతుంది. 'మల్హర్‌రావు' అన్నా ఇదే తంటా.

మందు ఒక్కటే. అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్న కంప్యూటర్‌లోనే వాటిని బొమ్మలుగా మార్చేయాలి. కోరెల్ డ్రాలో అయితే టెక్స్ట్‌ను సెలెక్ట్ చేసి కంట్రోల్+క్యూ, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఓ నొక్కాలి. దీన్నే కర్వ్స్ చేయడం, అవుట్‌లైన్ చేయడం అంటారు. ఆ తర్వాత ఫాంట్ ఉన్నా లేకున్నా అక్షరం కదలదు. అయితే కర్వ్స్ చేశాక అక్షరం దిద్దలేం. కాబట్టి ముందుగానే మామూలు ఫైల్ ఒకటి వేరే పేరుతో సేవ్ చేసి దాచుకోవాలి.

ఫాంట్ కాస్త లావుగా ఉంటే మంచిది. సన్నటి తలకట్లు, చిన్న వత్తులు గుడ్డ మీద ఇంకు పాకి పూడిపోతాయి. ఉచితంగా దొరికే తెలుగు యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర లాంటి మందపాటివి పేర్లకు బాగుంటాయి. పెంబర్తి ఇత్తడి పని లాంటి సన్నని నగిషీలు లోగోలో ఉంటే గీతలు తగ్గించి, మందం పెంచి మళ్లీ గీయించుకోవాలి.

ఫోన్‌లో నీట్‌గా ఉంది.. గుడ్డ మీద మసక

వాట్సాప్‌లో వచ్చిన లోగోను అలాగే ఫార్వర్డ్ చేయడం చాలామంది చేసే పని. ఫోటోగా పంపితే వాట్సాప్ దాని సైజు తగ్గించేస్తుంది. ఫోన్ తెర చిన్నది కాబట్టి తేడా తెలియదు. 9 అంగుళాల వెడల్పులో వేసేసరికి అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. లోగో, అక్షరాలు వెక్టర్ ఫైల్‌గా, అంటే సీడీఆర్, ఏఐ, ఈపీఎస్ లేదా పీడీఎఫ్‌గా ఉండాలి. వీటిని ఎంత పెంచినా మసకబారవు. అయితే జేపీజీ బొమ్మను తెచ్చి పీడీఎఫ్‌లో అతికించినంత మాత్రాన అది వెక్టర్ అయిపోదు. ఫోటోనే వేయాల్సి వస్తే అసలు సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క. 9 అంగుళాలకు 2,700 పిక్సెళ్లు కావాలి. పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా లేదా మెయిల్‌లో పంపాలి.

ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్

గొడుగులపై ఎక్కువగా వాడేది స్క్రీన్ ప్రింటింగ్. ఇందులో ప్రతి రంగుకూ విడిగా ఒక స్క్రీన్ తయారు చేయాలి. గొడుగులు 50 అయినా 500 అయినా స్క్రీన్ ఖర్చు అంతే. కాబట్టి చిన్న ఆర్డర్‌లో రంగులు పెరిగితే ఒక్కో గొడుగుపై భారం ఎక్కువ పడుతుంది. మానుకోట మిర్చి వ్యాపారి లోగోలో ఎర్ర మిరపకాయ ముదురు నుంచి లేతకు మెల్లగా మారుతూ ఉందనుకుందాం. ఫ్లెక్సీ మీద అది బాగుంటుంది. స్క్రీన్‌తో గుడ్డ మీద అంత నున్నగా రావడం కష్టం. ఒకే ఎరుపు, ఒకే ఆకుపచ్చగా మార్చేస్తే ఖర్చూ తగ్గుతుంది, ఫలితమూ స్పష్టంగా ఉంటుంది.

ఫోటోలాంటి రంగులే కావాలంటే సబ్లిమేషన్ పద్ధతి ఉంది. వేడితో రంగును గుడ్డలోకి ఎక్కిస్తారు. అది తెల్లని లేదా లేత రంగు పాలిస్టర్ గుడ్డకే పనికొస్తుంది. నల్ల గొడుగుపై రంగు పేరు వేయాలంటే స్క్రీన్ ప్రింటింగ్‌లో ముందు తెల్ల పొర వేసి దానిపై రంగు కొట్టాలి. ఆ తెలుపును కూడా ఒక రంగుగా లెక్కేస్తారు. ఫోన్‌లో కనిపించే రంగు గుడ్డ మీద అచ్చంగా రాదు. అందుకే 'కొంచెం ముదురు నీలం' అని నోటిమాటగా చెప్పకుండా పాంటోన్ నంబర్ రాసిస్తే తర్వాత గొడవ ఉండదు.

క్యూఆర్ కోడ్ వేయించే ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి. గొడుగు గుడ్డ వంగుతుంది, ముడతలు పడుతుంది. కోడ్ పెద్దగా, చుట్టూ ఖాళీ వదిలి, లేత గుడ్డపై ముదురు రంగులో ఉండాలి. శాంపిల్ గొడుగు తెరిచి, స్కాన్ అయితేనే సరేననాలి.

పాత ఫైల్‌లో పాత జిల్లా

ఈ మూడు జిల్లాల వాళ్లు మరో సంగతి చూసుకోవాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలయ్యాయి. అంతకుముందు చేయించిన లోగో ఫైళ్లలో ఎక్కువగా 'వరంగల్ జిల్లా' అనే ఉంటుంది. కాటారం, మహాదేవపూర్ వైపైతే 'కరీంనగర్ జిల్లా' అని ఉంటుంది. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా అయింది కాబట్టి, మధ్యలో చేయించిన ములుగు వైపు అడ్రస్‌లు కూడా తప్పే. ఫోన్ నంబర్ మారిందేమో, పది అంకెలూ ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

ఓకే చెప్పే ముందు

ప్రింటింగ్ వాళ్లు పంపే ప్రూఫ్‌ను ఫోన్‌లో చూసి బొటనవేలు ఎమోజీ పెట్టేయొద్దు. అసలు సైజులో కాగితంపై ప్రింట్ తీసి, త్రికోణంగా కత్తిరించి, ఆరడుగుల దూరం నుంచి చదివి చూడాలి. డిజైన్ చేసిన వాళ్లు కాకుండా తెలుగు బాగా చదివే మరొకరితో అక్షరం అక్షరం చదివించాలి. వీలైతే ఒక్క గొడుగు కొట్టించి, తడిపి, ఆరబెట్టి, గట్టిగా రుద్ది రంగు ఊడుతుందేమో చూడాలి. ఇదంతా అయ్యాకే మిగతా గొడుగులకు ఆర్డర్ ఖాయం చేయాలి. శాంపిల్‌కు ఒకట్రెండు రోజులు పడుతుంది కాబట్టి వానలు మొదలయ్యాక కాకుండా ఎండాకాలంలోనే ఫైల్ సిద్ధం చేసుకుంటే హడావుడి ఉండదు.